పక్క సీటు మీద మంచు నిలవలేదు

ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళందరూ తమకి దెయ్యాల మీద నమ్మకం లేదనే మొదలుపెడతారు. చదివినప్పుడల్లా నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నేనూ అదే చెప్పాల్సి వస్తోంది. నల్గొండలో మా వీధి చివర ఒక పాడుబడ్డ రైస్ మిల్లు ఉండేది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నేను ఎంసెట్‌కి చదివింది ఆ మిల్లు అరుగు మీదే. అక్కడైతే గోల ఉండదని.

ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా వచ్చి ఇలా జరిగింది అంటే, మళ్ళీ జరిపించి చూపించమని అడగడమే నా పని. ఈ సంగతిని నేను మళ్ళీ జరిపించి చూపించలేను. జరిగింది జరిగినట్టు రాయడం ఒక్కటే చేయగలను.

మేము ఉండేది అమెరికాలో, రెడ్‌మండ్‌లో. మా ఇంటి నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే, చలికాలం జనం స్కీలు కట్టుకుని మంచు మీద జారే ఒక చిన్న కొండ వస్తుంది. పేరు రాయను. పెద్ద రిసార్టు కాదు. తీగకి వేలాడే కుర్చీల్లో కొండ పైకి చేర్చే రెండు లిఫ్టులు, పాత చెక్క లాడ్జి, నూటయాభై కార్లకి నిండిపోయే పార్కింగ్. లాడ్జిలో ఎప్పుడూ తడి గ్లోవ్స్ వాసన, వేయించిన బంగాళాదుంపల వాసన కలిసి ఉంటాయి. ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకుని తిన్నా ఎవరూ ఏమీ అనరు. వచ్చేవాళ్ళలో సగం మందికి ఒకరి మొహాలు ఒకరికి తెలుసు.

ఆ కొండని మా ఇంట్లోకి తెచ్చింది నా భార్య వాసంతి. కాకినాడ మనిషి. ముప్ఫై మూడేళ్ళు వచ్చేదాకా మంచు ముఖం చూడలేదు. ఆఫీసువాళ్ళు ఒకసారి టీమ్ ఔటింగ్ అని తీసుకెళ్తే, సాయంత్రం మోకాళ్ళు కమిలిపోయి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడి, మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అంది. తర్వాత ఆరు చలికాలాలు, శనివారం అంటే మాకు కొండ. మా అమ్మాయి మేఘనని కూడా ఐదేళ్ళప్పుడే స్కీల మీద నిలబెట్టింది.

నాకు ఎత్తంటే భయం. మూడో అంతస్తు బాల్కనీలో కూడా గోడకి ఆనుకుని నిలబడే రకం. అందుకని వాళ్ళిద్దరూ లిఫ్ట్ ఎక్కేవాళ్ళు, నేను లాడ్జిలో కిటికీ పక్క బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం వాసంతి లోపలికొచ్చి, చల్లటి చేతులు నా మెడ మీద పెట్టి, "ఒక్కసారి పైకి రావయ్యా బాబూ, కొండేం మింగేయదు నిన్ను" అనేది. వచ్చే సీజన్‌కి పక్కా అనేవాణ్ణి. ఆరు సీజన్లు అలాగే అన్నాను.

ఏడో చలికాలానికి ముందే ఆమెకి పేగు క్యాన్సర్ అని తెలిసింది. మందులు, ఆపరేషన్, మళ్ళీ మందులు. పదకొండు నెలలు. డిసెంబరులో ఒక వారం కాస్త తేరుకుంటే, డాక్టర్ని బతిమాలి కొండకి వచ్చింది. ఒక్కసారి పైకి వెళ్ళి, మెల్లగా దిగి, నా కిటికీ ముందు ఆగి చెయ్యి ఊపింది. నేను మీటింగ్‌లో ఉన్నాను. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను.

ఫిబ్రవరిలో పోయింది. నలభై ఏళ్ళు. మేఘనకి అప్పుడు పదకొండు.

పోయే ముందు వారం, మేఘన స్కూల్లో ఉన్నప్పుడు, నాతో మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ అంది: "దాన్ని కొండకి తీసుకెళ్ళడం మానకు. నువ్వు కిటికీ దగ్గర కూర్చున్నా పర్లేదు. తీసుకెళ్ళు." కిటికీ దగ్గర కూర్చున్నా పర్లేదు అన్న ఆ మాట నన్ను ఎంతగా కోసిందో ఆమెకి తెలియదు. వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే పర్లేదనే అంది.

అందుకే తర్వాతి చలికాలం మేఘనకి చెప్పకుండా రెండు నెలలు నేర్చుకున్నాను. వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి వెళ్ళేవాణ్ణి. కింద పిల్లల కోసం మ్యాజిక్ కార్పెట్ అని ఒక కదిలే బెల్టు ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లల మధ్య నలభై నాలుగేళ్ళ నేను దాని మీద నిలబడి పైకి వెళ్ళడం, పడుతూ లేస్తూ దిగడం. చివరికి మలుపు తిరగడం, ఆగడం వచ్చింది. లిఫ్ట్ మాత్రం ఎక్కలేదు. మొదటిసారి మేఘనతో ఎక్కాలనుకున్నాను.

ఆ శనివారం వాసంతి పోయి ఏడాది కావడానికి ఇంకా వారం ఉంది.

పొద్దున రెడ్‌మండ్‌లో వాన. కొండ ఎక్కుతుంటే వాన కాస్తా జావలాంటి మంచు అయింది. పార్కింగ్‌లో కారు ఆపేసరికి ఎండ వచ్చింది. పది నిమిషాలు కళ్ళు చెదిరేంత ఎండ, తర్వాత ఎవరో తెర లాగినట్టు పొగమంచు. ఆ కొండ వాతావరణం అంతే, గంటకో బుద్ధి. లాడ్జి తలుపు మీద, మధ్యాహ్నం గాలి పెరిగితే లిఫ్టులు ఆపవచ్చని చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది.

నేను స్కీ బూట్లు తొడుక్కుని బయటికి రావడం చూసి మేఘన నోరు తెరిచింది. వచ్చి నా హెల్మెట్ బెల్టు సరిచేసింది. వాళ్ళమ్మ దానికి ఎలా సరిచేసేదో అలాగే.

ఒంటిగంట దాటాక లైన్లో నిలబడ్డాం. ఆ లిఫ్టు పాతది. ఒక్కో కుర్చీలో ఇద్దరు పడతారు. ఇద్దరి మధ్యా పైనున్న తీగకి వేలాడే ఇనుప కడ్డీ ఉంటుంది. ముందు అడ్డంగా దించుకునే బార్ లాంటిదేమీ లేదు. ఇంతలో మేఘన స్కీ క్లాసులో ఉండే ఒక అమ్మాయి వెనక నుంచి పిలిచి, తనతో ఎక్కుతావా అని అడిగింది. మేఘన నా వైపు చూసింది. దాని కళ్ళలో ఆశ కనిపించింది. ఏడాదిగా దానికి స్నేహితులతో నవ్వాలని అనిపించడమే గొప్ప. నేను వెనక కుర్చీలో వస్తాను, పైన ఆగి ఉండు అన్నాను. వాళ్ళిద్దరూ ఎక్కి వెళ్ళిపోయారు.

కింద లిఫ్ట్ ఆపరేటర్ వాల్టర్ అని ఒక పెద్దాయన. తెల్ల గడ్డం, రిటైరైన స్కూల్ మాస్టారు. నా జాకెట్‌కి వేలాడుతున్న టికెట్‌ని స్కానర్‌తో చూశాడు. బీప్ అని ఒక్కసారి మోగింది. కుర్చీ వచ్చి నా కాళ్ళ వెనక తగిలింది, కూర్చున్నాను. నేను కుడివైపు. ఎడమ చెయ్యి మధ్య కడ్డీ చుట్టూ బిగించాను. ఎడమ సీటు ఖాళీ. ఖాళీ అనే నేను చెప్పగలను, ఎందుకంటే అటు చూశాను. ఎవరూ లేరు.

లిఫ్ట్ తీగని మోసే మొదటి స్తంభం దాటేదాకా కళ్ళు మూసుకున్నాను. మూడో స్తంభం దగ్గర తెరిచాను. అప్పుడు గమనించాను, కుర్చీ ఒరగలేదు.

దీని గురించి చెప్పాలి. ఇద్దరి కుర్చీలో ఒక్కరే ఎక్కితే, కుర్చీ ఆ మనిషి వైపు కిందికి ఒరిగి వెళ్తుంది. కిరాణా కొట్టు తక్కెడలో ఒక పళ్ళెం దిగినట్టు. ఆరేళ్ళు కిటికీలోంచి ఆ కుర్చీలనే చూశాను. ఒంటరిగా వెళ్ళే ప్రతి మనిషీ వంకరగానే వెళ్తాడు. నేను డెబ్బై ఎనిమిది కిలోలు ఉంటాను. నా కుర్చీ మాత్రం సమంగా, బల్ల మీద గిన్నె పెట్టినట్టు వెళ్తోంది. నేను కడ్డీని పట్టుకుని మధ్యకి ఆనడం వల్లేమో అనుకున్నాను. కావాలని కుడివైపుకి జరిగి చూశాను. కదల్లేదు.

అంతలో మంచు మొదలైంది. మామూలు మంచు కాదు, గుండ్రంగా సగ్గుబియ్యం గింజల్లాంటిది. నా ఒళ్ళో, మోకాళ్ళ మీద, గ్లోవ్స్ మీద, కుర్చీ వెనక పలక మీద టపటపా పడి పేరుకుంటోంది. పక్క సీటు మీద ఒక్క గింజ నిలవలేదు. నల్లటి రబ్బరు సీటు తుడిచినట్టుగా ఉంది.

గాలి వల్ల అయి ఉండొచ్చు. అప్పుడూ అదే అనుకున్నాను. కానీ గాలి ఎడమ వైపు నుంచి వస్తోంది. చెట్లు కుడికి వంగడం కనిపిస్తోంది. ముందు కుర్చీల్లోవాళ్ళు ఎడమ చెంపకి చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. నాకు ఎడమ చెంప మీద గాలే లేదు.

ఏడో స్తంభం, ఎనిమిదో స్తంభం మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. గాలి పెరిగిందని ఆపేశారు. నా వాచీలో ఒకటీ ఇరవై రెండు. కింద పాతిక అడుగుల లోతు. నిమిషంలో పొగమంచు కమ్మేసి, మేఘన కుర్చీ కనిపించకుండా పోయింది. పైన తీగ ఊళ పెడుతోంది. నా కాళ్ళు వణకడం మొదలైంది. స్కీలు ఒకదానికొకటి తగులుతాయేమో, బ్యాలెన్స్ పోయి పడిపోతానేమో అని రెండు కాళ్ళూ బిగబట్టి, దూరంగా పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు నా ఎడమ పక్క కింద, టక్ టక్ అని రెండుసార్లు చప్పుడు వినిపించింది. లిఫ్ట్ మీద కూర్చున్నవాళ్ళు స్కీల మీది మంచు రాలడానికి రెండు స్కీలూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటారు, ఆ చప్పుడు. నావి కదల్లేదు.

నేను అటు తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదని తర్వాత విన్నవాళ్ళు అడిగారు. చూస్తే ఏమీ ఉండదని నాకు తెలుసు. అందుకే చూడలేదు.

మాట్లాడాను. నమ్మి మాట్లాడింది కాదు. ఏడాదిగా కారులో, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెతో మాట్లాడటం అలవాటైపోయింది. "వచ్చాను వాసంతీ. ఆలస్యమైంది" అన్నాను. నా చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

పదకొండు నిమిషాల తర్వాత లిఫ్ట్ కదిలింది. ఒకటీ ముప్ఫై మూడు. ఆ పదకొండు నిమిషాల్లో కాళ్ళ వణుకు ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. తగ్గింది.

పైన దిగేచోట ఒక చిన్న చెక్క గది, అందులో డయాన్ అని అరవై ఏళ్ళావిడ, ఆవిడే అక్కడి ఆపరేటర్. నా కుర్చీ వస్తుంటే వేగం బాగా తగ్గించింది. నేను తడబడుతూ దిగి, నాలుగడుగులు జారి, కూర్చుండిపోయాను. మేఘన వచ్చి చెయ్యి పట్టుకుంది. నా మొదటి మాట, అమ్మయ్య దిగాను అని. డయాన్ నా వైపు చూడటం లేదు. ఖాళీగా తిరిగి వెళ్తున్న కుర్చీని చూసింది, కింద తీగ వెంట పొగమంచులోకి చూసింది, ఎర్ర బటన్ నొక్కి లిఫ్ట్ ఆపేసింది.

బయటికి వచ్చి అడిగింది. ఆ మాటలు ఇంగ్లీషులోవి, తెలుగులో రాస్తున్నాను.

"మీ పక్కనున్నావిడ ఏది?"

నేను ఒక్కణ్ణే వచ్చానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆఖరి స్తంభం దగ్గర ఇద్దరిని చూశాననీ, అందులో ఒకరు బిగుసుకుపోయి ఉంటే కొత్తవాళ్ళని తెలిసి వేగం తగ్గించాననీ, గాలికి ఒక్క క్షణం కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఒక్కరే ఉన్నారనీ చెప్పింది. రేడియోలో కిందికి పిలిచింది. కుర్చీ వెనక నంబరు చూసి, నలభై ఒకటిలో ఎంతమందిని ఎక్కించావు అని అడిగింది.

వాల్టర్ గొంతు గరగరలాడుతూ వచ్చింది. "ఇద్దరు. అద్దె స్కీలు వేసుకున్న ఒకాయన, పసుపు జాకెట్ వేసుకున్న ఒకావిడ."

అంతకుముందు డయాన్ పసుపు జాకెట్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాసంతి జాకెట్ పసుపు రంగే. ఆగస్టులో విరాళాల దుకాణంలో ఇచ్చేశాను. పసుపు జాకెట్లు ఆ కొండ మీద నాలుగు కనిపిస్తాయి. ఇదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తర్వాత జరిగినవన్నీ చకచకా జరిగాయి. లిఫ్ట్ మీద నుంచి మనిషి పడిపోయిందని రెస్క్యూ వాళ్ళకి కబురు వెళ్ళింది. మిగతా కుర్చీల్లో ఉన్నవాళ్ళని మెల్లగా పైకి తెచ్చి దింపేసి, లిఫ్ట్ మూసేశారు. నలుగురు మనుషులు తీగ కింద చెట్ల మధ్య, నడుం లోతు మంచులో, కర్రలతో గుచ్చుకుంటూ వెతకడం మొదలుపెట్టారు. గాలి ఇంకా పెరిగింది. కొమ్మలు విరిగి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

వాళ్ళ నాయకుడు నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను షాక్‌లో ఉన్నాననుకున్నాడు. నా పేరు, ఆ రోజు వారం, ఎక్కడున్నానో అడిగాడు. అన్నీ సరిగ్గానే చెప్పాను. తర్వాత నెమ్మదిగా, మీతో ఎవరు వచ్చారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. మీ భార్య వచ్చిందా అని అడిగాడు. నా భార్య పోయిన ఏడాది చనిపోయిందని చెప్పాను. మేఘన నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

అతను అన్నాడు: "సర్, ఇద్దరు ఆపరేటర్లు రెండు చోట్ల నుంచి ఒకే మాట చెప్తున్నారు. ఎవరైనా ఉన్నారని మీరంటే నా మనుషులు వెతుకుతూనే ఉంటారు. లేరంటే ఇప్పుడే వెనక్కి పిలుస్తాను. ఈ గాలిలో వాళ్ళు అక్కడ ఉండటం మంచిది కాదు. ఆ సీట్లో ఎవరైనా ఉన్నారా?"

నేను ఆ ఖాళీ కుర్చీలు ఊగుతుంటే చూశాను. చెట్ల కింద తిరుగుతున్న ఎర్ర జాకెట్లు చూశాను. వాళ్ళకీ ఇళ్ళలో ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

"ఎవరూ లేరు" అన్నాను.

మేఘన నా చెయ్యి వదిలేసింది.

నన్ను స్నోమొబైల్ మీద, అంటే మంచు మీద నడిచే బండి మీద, కిందికి తెచ్చారు. మేఘన ఒక రెస్క్యూ ఆవిడతో కలిసి స్కీల మీద దిగింది. లాడ్జి వెనక చిన్న గదిలో కూర్చోబెట్టి, వేడి నీళ్ళు ఇచ్చి, ఒక ఫారం నింపించారు. కుర్చీలో ఎంతమంది అన్నచోట ఒకటి అని రాసి సంతకం పెట్టాను. స్కానర్ లెక్క కూడా తీసి చూశారు. ఆ సమయంలో ఆ కుర్చీకి ఒక్క టికెటే. తీగ కింద మనిషి పడిన గుర్తు గానీ, స్కీ జాడ గానీ దొరకలేదు. కొండ మూసేశాక పార్కింగ్‌లో దిక్కులేని కారు ఒక్కటీ మిగల్లేదని తర్వాత వాళ్ళే ఫోన్ చేసి చెప్పారు. యంత్రం లెక్కలో ఒక్కరు, మనుషుల లెక్కలో ఇద్దరు. ఆఫీసులో అయితే నేను యంత్రాన్నే నమ్ముతాను.

బయటికి వచ్చేసరికి మళ్ళీ ఎండ. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మేఘన కారు వైపు కాకుండా, కింద లిఫ్ట్ దగ్గర తాళ్ళు కడుతున్న వాల్టర్ వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

ఫోన్‌లో వాళ్ళమ్మ ఫోటో చూపిస్తుందేమో అనుకున్నాను. చూపించలేదు. ఆవిడ ఎలా ఉంది అని మాత్రమే అడిగింది. వాల్టర్ నా వైపు ఇబ్బందిగా చూశాడు. చెప్పమన్నాను. పొట్టిగా ఉందన్నాడు. హెల్మెట్, గాగుల్స్ ఉన్నాయి కాబట్టి మొహం తెలియలేదన్నాడు. రోజుకి కొన్ని వందల మందిని ఎక్కిస్తాను, నేనే పొరబడి ఉండొచ్చు అని కూడా అన్నాడు. మంచి మనిషి. పిల్ల ముందు మాట తగ్గించుకున్నాడు.

మేఘన వదల్లేదు. నవ్వుతోందా, ఏం చేస్తోంది అని అడిగింది.

ఆయన చేతిలో తాడు కింద పెట్టి చెప్పాడు. "మాట్లాడుతోంది తల్లీ. మీ నాన్న వైపు వంగి ఏదో చెప్తోంది. మోటారు చప్పుడులో నాకు వినపడలేదు. ఆయన నేరుగా ముందుకే చూస్తున్నారు. భయపడ్డట్టున్నారు, వినడం లేదు పాపం అనుకున్నాను."

కారెక్కి బయల్దేరాం. హైవే మీద మళ్ళీ వాన పట్టుకుంది. వైపర్లు వేశాను. అప్పుడు మేఘన అడిగింది.

"నాన్నా, అమ్మ ఏం చెప్పింది?"

నాకేమీ వినపడలేదన్నాను.

"గుర్తు తెచ్చుకో. ప్లీజ్. ఒక్క వర్డ్ అయినా."

లేదు కన్నా, గాలి ఒక్కటే అన్నాను. అది కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. తెలుగులో మాటలు కూడగట్టుకుంటూ అంది: "లిఫ్ట్ ఆగాక నేను మొత్తం టైమ్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నా. నువ్వు భయపడతావు అని. నాకు ఫాగ్ ఒక్కటే కనిపించింది. వాళ్ళు ఇద్దరికీ కనిపించింది. వాళ్ళకి అమ్మ ఎవరో కూడా తెలీదు. నాకు ఎందుకు కనపడలేదు?"

తర్వాతి ఎగ్జిట్ దగ్గర దిగి, ఒక పెట్రోల్ బంకు పక్కన కారు ఆపాను. ఇద్దరం వెనక సీట్లోకి మారి కూర్చున్నాం. వాసంతి పోయిన రోజు దానికి ధైర్యం చెప్పాలని నేను ఏడవలేదు. అది నన్ను చూసి ఏడవలేదు. ఆ బాకీ ఏదో ఆ వానలో తీరినట్టు ఇద్దరం ఏడ్చాం.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. వారం మధ్యలో వెళ్ళి, నలభై ఒకటో నంబరు కుర్చీ వచ్చేదాకా నిలబడి, ఒక్కణ్ణే ఎక్కాను. కుర్చీ కుడివైపుకి ఒరిగింది. మధ్యకి ఆనినా ఒరిగింది. గాలి ఉన్న రోజు కూడా వెళ్ళాను. పక్క సీటు నిండా మంచు పేరుకుంది. వాల్టర్, డయాన్ ముందే మాట్లాడుకున్నారా అని ఆలోచించాను. ఇద్దరూ రేడియోలో మాట్లాడుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. డయాన్ రంగు చెప్పలేదు, వాల్టర్ చెప్పాడు. వాల్టర్ నా ముందు ఎక్కినవాళ్ళతో నన్ను కలిపి పొరబడ్డాడేమో. నా ముందు ఎక్కింది నీలం జాకెట్ మేఘన, తెల్ల జాకెట్ వేసుకున్న దాని ఫ్రెండ్.

నాకు తెలిసినవాళ్ళలో ముగ్గురికి చెప్పాను. ఒకాయన దుఃఖం అలాంటి పనులు చేస్తుందన్నాడు. నిజమే. కానీ నా దుఃఖం వాల్టర్‌కి ఎలా అంటింది? ఇంకొకావిడ దిగులు పడకు, నీ కోసమే వచ్చింది, నువ్వు అదృష్టవంతుడివి అంది. ఆ మాటకి తల ఊపి వచ్చేశాను. ఆరేళ్ళు పిలిస్తే పోనివాణ్ణి, ఆ రోజు చప్పుడు విని కూడా పక్కకి తిరిగి చూడనివాణ్ణి.

నిజానికి ఇది నాకు భయం కలిగించిన అనుభవం కాదు. ఆ పదకొండు నిమిషాల్లో భయం పోయింది కూడా. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం లాంటివేమీ లేవు. ఒక్కటే ఉంది. ఉదయం కాఫీ కలుపుతూ, ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయి, ఆ గాలి హోరుని మొదటి నుంచి మళ్ళీ వింటాను. అందులో ఒక్క తెలుగు మాట ఉందేమో అని. ఇప్పటిదాకా దొరకలేదు.

మార్చి చివర్లో, కొండ మూసే ముందు ఆదివారం ఇంట్లో గిన్నెలు కడుగుతున్నాను. మేఘన తుడిచి అల్మరాలో పెడుతోంది. ఆ సంగతి మాట్లాడుకుని అప్పటికి మూడు వారాలైంది. చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని అంది.

"ఆ రోజు ఫస్ట్ నేను గిల్టీగా ఫీలయ్యా. నిన్ను వదిలేసి తనతో ఎక్కినందుకు. ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. నేను నీతో ఎక్కి ఉంటే అమ్మకి చోటు ఉండేది కాదు కదా నాన్నా?"

ఆ సీటు మీద మంచు ఎందుకు నిలవలేదో నాకు తెలియదు. కుర్చీ ఎందుకు ఒరగలేదో, ఇద్దరు పెద్దవాళ్ళు ఎవరిని చూశారో తెలియదు. మేఘన చేతిలోంచి ప్లేటు తీసుకుని, అప్పటికే ఆరిపోయినదాన్ని, మళ్ళీ తుడిచాను.